నిండు పియాలా

మొదటి పరిచయంలోనే ఐజిరెక్ చేతిలో నుర్దీన్ ఒక టమోటా పెట్టాడు. తినేది కాదు, ప్లాస్టిక్‌ది. తిప్పి వదిలితే టిక్‌టిక్‌మంటూ తిరిగి, కాసేపటికి గణగణ మోగుతుంది.

"మోగేదాకా పని చెయ్యండి, మోగాక బ్రేక్ తీసుకోండి. జీవితం మారిపోతుంది!" అన్నాడు.

బిష్కెక్‌లో ఐజిరెక్ అనువాదాలు చేసే డబ్బింగ్ స్టూడియో వాళ్లకి క్రమశిక్షణ నేర్పడానికి దిగిన మహానుభావుడతను. తెల్లారకముందే లేవాలట. కష్టమైన పని ముందు చేసెయ్యాలట. ఈ మాత్రం తెలియకే జనం పాడైపోతున్నట్టు!

"నాకు ఏడీహెచ్‌డీ ఉంది," అంది ఐజిరెక్. "ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. తెలిసీ మొదలుపెట్టలేకపోవడమే నా గొడవ. చూపు ఆనని మనిషికి కళ్లజోడు ఇవ్వకుండా, 'కాస్త శ్రద్ధగా చూడమ్మా' అంటున్నారు మీరు."

"అందరికీ పనిచేసింది మరి..."

"వాళ్లకి మీ సలహా లేకపోయినా పనవుతుంది కాబట్టి!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు ముద్దుగా ఉన్నాయనిపించి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

శుక్రవారం సాయంత్రానికి సినిమా అనువాదం ఇవ్వకపోతే ఈసారి ఉద్యోగం ఊడుతుందని మేనేజరు ముందే చెప్పేశాడు. ఆ శుక్రవారం పొద్దున ఐజిరెక్ టమోటాని తిప్పి పెట్టుకుని, కిటికీ తుడిచింది, కుండీలకి నీళ్లు పోసింది. చివరికి ఎలాగో పనిలో పడింది. మాటలు వాటంతటవే వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే టమోటా గణగణలాడింది. వస్తున్న మాటలు కాస్తా ఎగిరిపోయాయి.

"బ్రేక్ టైమ్!" తలుపు దగ్గర నుర్దీన్ ప్రత్యక్షమయ్యాడు.

ఐజిరెక్ టీకుండ అందుకుని, చిన్న టీ గిన్నెలాంటి పియాలాని అంచుదాకా నింపి అతని ముందు పెట్టింది.

నుర్దీన్ మొహం పాలిపోయింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం, ఉండాలని కోరుకునే అతిథికి పియాలా అడుగున కొంచెమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోస్తారు. నిండుగా పోశారంటే తాగి దయచెయ్యమనే.

అతను వెళ్లలేదు. టమోటాని తన సంచిలో పడేశాడు. టీని తిరిగి కుండలో వంపి, ఆమె పియాలాలో ఒక్క గుక్క పోశాడు.

"ఒక్క డైలాగు రాయండి. ఇంకో గుక్క పోస్తాను."

"ఇది ఏ సెమినార్‌లోది?"

"మా అమ్మది. మా అక్క చదువుకునేటప్పుడు ఇలాగే టీ పోస్తూ పక్కన కూర్చునేది."

"నోరు మూసుకుని కూర్చోగలరా?"

"కష్టమే. చూస్తాను."

బయట వాన మొదలైంది. అతను తన పనేదో చేసుకుంటూ పక్కనే కూర్చున్నాడు. డైలాగుకో గుక్క. కాసేపటికి ఆమె పియాలా వంక చూడటమే మానేసింది, అతను పోయడమూ మానేశాడు.

సాయంత్రం అనువాదం పంపించేశాక చూస్తే, ఆఖరి గుక్క చల్లారిపోయి ఉంది.

"బ్రేక్ అని అరవలేదేం?"

"మీరు పనిలో ఉన్నారుగా."

ఇన్నేళ్లలో ఆ మాత్రం గమనించినవాడు ఒక్కడూ లేడు.

"నీ సలహాలన్నీ చెత్త," అంది. "నువ్వు మాత్రం నచ్చావు."

అతని చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. "అయితే... వెళ్లమంటారా?"

ఆమె పియాలా కడిగి, అడుగు తడిసేంత టీ పోసి, రెండు చేతులా అందించింది.

నుర్దీన్ గటుక్కున తాగేసి, ఖాళీ పియాలా మళ్లీ చాపాడు.