వినోద్ లైవ్ పెట్టిన దెయ్యం

మర్రిపాడు నుంచి ఆత్మకూరు పోయే దారిలో, మా ఊరి మలుపు దాటగానే, ఒకప్పుడు పచ్చి పొగాకు కాల్చిన బ్యారన్ ఒకటి పాడుబడి ఉంది. చీకటి పడితే ఆ పక్కకు మనిషి పోడు. లోపల ఒక ఆడది తిరుగుతుందని, దానికి ముఖం లేదని చెప్పుకుంటారు. వాకిట్లో ఎప్పుడు చూసినా కోసిన నిమ్మకాయలు, కుంకుమ కలిపిన అన్నం ముద్దలు. దిష్టి తీసి పడేసినదాన్ని మావాళ్ళు తొక్కరు, దాటరు.

దాటినవాడు ఒక్కడే — వినోద్.

వీడికి ఆత్మకూరులో సెల్‌ఫోన్ రిపేరు షాపు. రిపేర్లకన్నా వీడియోలెక్కువ. జారిపడినవాళ్ళను, తడబడినవాళ్ళను, తాగి దొర్లేవాళ్ళను తీసి, పాట కలిపి, నెట్‌లో పెట్టి లోకం చేత నవ్విస్తాడు. ఆ రాత్రి దెయ్యాన్నే చూపిస్తానని లైవ్ పెట్టాడు. అక్కడ జరిగింది వాడే నాకు చెప్పాడు.

నిమ్మకాయలు తొక్కుకుంటూ లోపలికి పోయాడు. ఎత్తైన గోడలు. ఎప్పుడో కాల్చిన ఆకు ఘాటు ఇంకా పోలేదు. పైన ఆకు వేలాడదీసే కర్రలు, వరసలు వరసలుగా... వాటి కింద చీకటి.

ఆ చీకట్లో ఎవరో నడుస్తున్నారు.

ఈ గోడ నుంచి ఆ గోడకు... మళ్ళీ ఆ గోడ నుంచి ఈ గోడకు. కాళ్ళ చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. గుసగుసగా ఒకటే మాట —

"జారింది... అంతే. కాలు జారింది... అంతే. నవ్వొద్దు..."

వినోద్ రెండడుగులు వెనక్కేశాడు. తిరిగి పోదామనుకున్నాడు. కానీ ఫోన్లో చూసేవాళ్ళు ఊరుకుంటారా? 'ముందుకు పో అన్నా', 'లైటెయ్ అన్నా', 'భయమా బ్రో' — మెసేజీలు ఒకదాని మీద ఒకటి.

లైటు వేశాడు.

తల చుట్టూ, ముఖం చుట్టూ చున్నీ చుట్టుకున్న ఆకారం. కళ్ళు మాత్రం కనిపించాయి. వెలుగు పడీ పడగానే అది కుప్పకూలింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని మూలకు పాకింది.

అప్పుడే వెనకనుంచి ఒక చెయ్యి వాడి మెడ పట్టుకుంది.

"తియ్యరా..." చెవిలో ఆడగొంతు. "బాగా పడిందా? ఇంకొంచెం దగ్గరికి పోయి తియ్యి."

వాడి చేతిలో ఫోన్ జారి కింద పడింది. ఆ వెలుగులో చూస్తే — పిచ్చమ్మ. ఒకప్పుడు ఆ బ్యారన్‌లోనే ఆకు కట్టలు కట్టిన మనిషి.

"పిచ్చక్కా... నువ్వా? మరి ఆ మూల..."

"నా కూతురు. నవ్యశ్రీ. గుర్తు పట్టలా? నువ్వు తీసిన పిల్లే కదరా!"

రెండేళ్ళ కిందట, ఇంటర్ చదివేటప్పుడు, నవ్యశ్రీ బస్టాండులో కాలు జారి బురదలో పడింది. లేవలేక ఏడ్చింది. వినోద్ తీసి వదిలాడు. ఆ ఏడుపు ముఖం ఊరి ఫోన్ గ్రూపుల్లో స్టిక్కరయింది. కరెంటు పోయిందంటే ఆ ముఖం, క్రికెట్లో ఓడితే ఆ ముఖం. టికెట్ కొట్టే కండక్టరు కూడా నవ్వాడు. ఆ పిల్ల చదువు మానేసింది. పెళ్ళికి పోదు, అంగడికి పోదు. ఎవరి చేతిలో ఫోన్ చూసినా ఒణుకు.

"కలువాయిలో మీ చెల్లెలింట్లో ఉండాదన్నావే!" అన్నాడు వినోద్.

"ఊళ్ళో ఉండాదంటే బతకనిస్తారా మీరు? పగలంతా తలుపేసుకుని కూర్చుంటాది. కాళ్ళు చచ్చుబడి పోతాయని రాత్రిళ్ళు ఇక్కడికి తెస్తన్నా. నిమ్మకాయలు కోసింది నేనే. అన్నంలో కుంకుమ కలిపింది నేనే. దెయ్యముండాదంటే ఒక్కడూ రాడనుకున్నా. నువ్వు దెయ్యాన్ని కూడా వదలవని తెలవకపాయె!"

తెల్లారి నా దగ్గరికొచ్చి ఏడ్చాడు వెధవ.

"ఏడుపు తర్వాత. ముందు ఆ వీడియో తీసెయ్" అన్నాను.

"రాత్రే తీసేసినాను తాతా. కానీ అప్పటికే వేరేవాళ్ళు దాచుకున్నారు. తీసెయ్యండ్రా, అది నవ్యరా అని గ్రూపుల్లో బతిమాలినాను. స్టిక్కరు పెట్టి నవ్వతా ఉండారు."

"ఏ స్టిక్కరు?"

వాడు ఫోన్ తిప్పి చూపించాడు. బురదలో ఆ పిల్ల ఏడుపు ముఖమే.

నాకు ఒళ్ళు మండింది. ఒక్క వినోద్ మీదే కాదు. రెండేళ్ళ కిందట ఆ బురద వీడియో వచ్చిన మొదటి రోజు ఊరి గ్రూపులో ఎంతమంది లేరు! మేస్టర్లున్నారు, ఊరి పెద్దలున్నారు. 'తీసెయ్ రా, ఆ పిల్ల ఏడుస్తా ఉండాది' అని ఒక్కడూ అన్లేదు. తనకొచ్చింది తన దగ్గరే ఎవడూ ఆపలేదు. ఆ తల్లిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయి కేసు పెట్టించినవాడు లేడు. నిప్పును చేతులు మార్చుకుంటూ చలి కాచుకున్నారు. పడిందెవరో, కాలిందెవరో ఒక్కడికీ పట్టలేదు.

వినోద్ చెంప పగలగొట్టి, స్టేషన్‌కు తీసుకుపోయి వాడి చేతనే చేసింది చెప్పించాను. ఎవరెవరు పంచుతున్నారో పోలీసులు రాసుకున్నారు. మంచిదే. కానీ నెట్‌లో పడింది ఆగుతుందా? ఆదివారానికి ఆత్మకూరు నుంచి, ఉదయగిరి నుంచి బైకులు దిగాయి. బ్యారన్ ముందు తిరనాళ్ళు. ప్రతి చేతిలో ఒక లైటు. నిమ్మకాయ తొక్కలతో ఫొటోలు.

ఆ రాత్రి నా తలుపు ఎవరో మెల్లగా తట్టారు.

పిచ్చమ్మ. వెనక చీకట్లో, గోడకు అతుక్కుని, ముఖం కప్పుకున్న ఆకారం. నేను లైటు వెయ్యబోయాను.

"వద్దు మామా..." అంది పిచ్చమ్మ. తర్వాత ఇంకా గొంతు తగ్గించి అడిగింది —

"మన చుట్టుపక్కల... నిజంగా దెయ్యాలుండే చోటు ఏదన్నా ఉండాదా?"