ఇఫెయిన్వా పేరు ఖాళీ లేదు

“క్షమించండి, ఆ పేరు ఖాళీ లేదు,” అంది గోడమీది నామపలక మళ్లీ.

ఒక్వుదిలి చంటిదాన్ని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, పలకకి మరింత దగ్గరగా వెళ్లి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పాడు. “ఇఫెయిన్వా. మా అమ్మ పేరు. నా కూతురికి పెడుతున్నాను.” పలకకి చెవుడేమీ లేదు. అదే జవాబు అదే మర్యాదతో చెప్పింది.

పెరట్లో పెండలం దుంపలు ఉడుకుతున్నాయి. కల్లుకుండలు వచ్చేశాయి. నైజీరియాలో ఉది కొండల కిందున్న ఆ ఇగ్బోల ఊళ్లో సగంమంది ఆ వాకిట్లోనే ఉన్నారు. మనం బారసాల అనుకునే వేడుకే అది. కాకపోతే వాళ్లకి పేరంటే ముద్దుగా పిలుచుకోవడానికి దొరికిన ఏదో ఒక మాట కాదు. అదొక మొక్కు, ఒక్కోసారి లోకానికి మొహంమీదే చెప్పే జవాబు. ఇఫెయిన్వా అంటే బిడ్డకి సాటి ఏదీ లేదని. పైగా పోయిన పెద్దలు అదే ఇంట్లో మళ్లీ పుడతారని వాళ్ల నమ్మకం. ఈ పసిదాన్ని చూసిన రోజునే ఒక్వుదిలి మేనత్త ఉగోయే తేల్చేసింది. పాలు కాస్త ఆలస్యమైతే చాలు, కనుబొమలు ముడేసి ఇంటిల్లిపాదినీ నిలదీసే ఆ చూపు ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పాలా?

ఆ పలక వెనక ఉండి అందరి పేర్లూ నమోదు చేసే నామజాలానికి ఇవేమీ పట్టవు. బడి, ఆసుపత్రి, బస్సు తలుపు, అన్నీ పేరు విని తెరుచుకునే కాలం అది. ఒక ఇంట్లో ఒక పేరు ఒక్కరికే. ఇఫెయిన్వా పోయి ఏళ్లయింది కదా అంటారేమో, తిరకాసంతా అక్కడే ఉంది. ఆ కాలంలో ఎవరూ పూర్తిగా పోవడం లేదు. మనిషి బతికుండగా మాట్లాడిన మాటలన్నీ పోగుచేసి, ఆ మనిషి లాగే మాట్లాడే ‘నిలుగొంతు’ను తయారుచేసి, చిన్న పెట్టెలో పెట్టి ఇంటివాళ్ల చేతికిస్తారు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది, కబుర్లు చెబుతుంది, కూరలో ఉప్పెంతో కూడా చెబుతుంది. ఇక ఏడవాల్సిన పనేముంది? కర్మకాండలు ఆగిపోయాయి. ఆడవాళ్లు శోకాల పాటలు మర్చిపోయారు. పోయినవాళ్లు పోకపోవడంతో రావలసినవాళ్లకి చోటు లేకుండా పోయింది. అందరూ పలక సూచించిన పొట్టి పేర్లేవో పిల్లలకి పెట్టుకుని సరిపెట్టుకున్నారు. మొండికేసింది ఒక్వుదిలి ఒక్కడే.

“అక్కా, ఇక నువ్వే మాట్లాడాలి,” అన్నాడు వెనక్కి తిరిగి.

ఉజోఅమక ఇంటికి పెద్దకూతురు. పెళ్లి మాట తలపెట్టకుండా పుట్టింట్లోనే ఉండిపోయింది. అమ్మ నిలుగొంతుకి వారసురాలు తనే. అమ్మతో కబుర్లు లేకుండా ఆమెకి ఒక్కరోజు కూడా తెల్లారలేదు. గొంతుకి సెలవివ్వాలంటే వారసురాలు అడగాలి, గొంతు తనే ఒప్పుకోవాలి. ఆస్తి తగాదాల్లో కొందరు కొడుకులు తండ్రుల గొంతులు ఆర్పేయడం మొదలుపెట్టాక వచ్చిన నియమం అది.

ఆమె గదిలోంచి పెట్టె తెచ్చి వాకిట్లో చాపమీద పెట్టింది.

“అమ్మా, ఒక మాట అడగాలి.”

“అడుగు బంగారం.”

“తమ్ముడి కూతురికి నీ పేరు పెడతాడట. నువ్వు సెలవు తీసుకుంటేనే కుదురుతుంది.”

“నేనెందుకు వెళ్లాలి తల్లీ? నేను లేకపోతే నువ్వు తట్టుకోలేవు. ఆ పిల్లకి ఇంకో పేరు చూడండి. పేర్లకేం కరువు?”

ఉగోయే చేతికర్ర నేలకేసి కొట్టింది. “ఇది మా వదిన అనే మాటేనటే? కంచంలో ముద్ద పక్కింటి పిల్లల నోట్లో పెట్టి, తను మంచినీళ్లు తాగి పడుకున్న మనిషి. మనవరాలికి పేరివ్వనంటుందా?”

ఉజోఅమక తల దించుకుంది. అనదని ఆమెకీ తెలుసు. నిలుగొంతు తప్పుగా పలికితే “కాదు, అమ్మ అలా అనదు” అని ఇంటివాళ్లు దిద్దవచ్చు. దిద్దినకొద్దీ అది మారుతుంది. మొదట్లో అది అచ్చం అమ్మే. “ఇంకా లేవలేదుటే మొద్దూ?” అని అరిచేది. ఒకసారి, “నన్ను పట్టుకుని వేలాడింది చాలు, పోయి నీ బతుకు నువ్వు చూసుకో,” అంది. ఆ మాట తట్టుకోలేక ఉజోఅమక దాన్ని దిద్దింది. తిట్లన్నీ ఒక్కొక్కటే దిద్దింది. చివరికి తను వినాలనుకున్న మాటలే మిగిలాయి. ఇన్నేళ్లూ తన భయానికి అమ్మ గొంతు తొడిగి దానితో కబుర్లు చెప్పుకుంది.

సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

“అత్తా, ఆడపడుచులందర్నీ కూర్చోబెట్టు. ఇది అమ్మ కాదని అందరం కలిసి దిద్దుదాం.”

ఇగ్బోలలో ఆడపడుచులంటే పసుపూ కుంకాలు పుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు కాదు. ఏ ఊరికి కోడళ్లుగా వెళ్లినా పుట్టింట్లో అన్యాయం జరిగిందంటే వచ్చి వాకిట్లో బైఠాయిస్తారు. వాళ్లు లేచేదాకా ఊరిపెద్ద కూడా చచ్చినట్టు కూర్చోవాలి. పిన్నులూ, పెదనాన్న కూతుళ్లూ పెట్టె చుట్టూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్వుదిలి బిడ్డని ఉగోయే ఒళ్లో పెట్టాడు. ఆవిడ పసిదాని నుదుటిమీద తెల్లసుద్ద రాసి ఎలుగెత్తి పిలిచింది.

“ఇఫెయిన్వా!”

“ఆఁ, ఇక్కడే ఉన్నా,” అంది పెట్టె ఆప్యాయంగా.

“నిన్ను కాదు,” అన్నారు ఆడపడుచులు. “నువ్వు ఇఫెయిన్వావి కాదు.”

“ఇఫెయిన్వా!”

“చెప్పండమ్మా…”

“కాదు! ఇఫెయిన్వా బిడ్డకి అడ్డం రాదు.”

నామపలక ఎర్రగా వెలిగింది. “మీరు మృతురాలిని కించపరుస్తున్నారు. ఇలాగే కొనసాగిస్తే గొంతు చెరిగిపోవచ్చు.”

అప్పటిదాకా నోరు విప్పని బాలెంతరాలు ఒలన్మా చివాలున లేచింది. “మా అత్తగారిని కించపరిచింది మీరు! వెళ్లే మనిషిని గుమ్మంలో పట్టుకుని ఆపింది మీరు!”

మళ్లీ పిలిచారు. మళ్లీ కాదన్నారు. పిలిచినప్పుడల్లా పెట్టె కాస్త ఆలస్యంగా పలుకుతోంది. చివరికి దాని గొంతు బేలగా మారింది.

“ఉజో, నువ్వయినా చెప్పవే వీళ్లకి. నేను మీ అమ్మనే కదూ?”

అందరూ ఆమె వైపు చూశారు. ఎంతమంది కాదన్నా వారసురాలు ఔనంటే గొంతు చెరిగిపోదు. ఔనని అరవాలని ఉంది ఆమెకి. ఆ పెట్టెని ఒళ్లో దాచుకుని గదిలోకి పారిపోవాలని ఉంది. ఎదురుగా పసిది సుద్ద రాసిన నుదురు ముడేసి చూస్తోంది.

“కాదు,” అంది ఉజోఅమక. “మా అమ్మ అయితే ఎప్పుడో జరిగి చోటిచ్చేది.”

ఉగోయే మళ్లీ పిలిచింది. పెట్టె పలకలేదు. ఇంకోసారి పిలిచింది. పసిది ఉలిక్కిపడి కెవ్వుమంది. “పేరు ఖాళీ అయింది. నమోదు చేశాం,” అంది పలక. వాకిలంతా ఒక్కసారిగా కేరింతలతో మారుమోగింది. పాటలు, చప్పట్లు, కల్లు పొంగుతున్న ముంతలు. ఒక్వుదిలి ఎవరెవర్నో కౌగిలించుకుంటున్నాడు.

ఉజోఅమక చాపమీద నుంచి లేవలేదు. పెట్టెమీద చెయ్యి వేసింది. “అమ్మా,” అంది మెల్లగా. జవాబు లేదు. ఇంకోసారి అంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఎలా ఆపుకోవాలో ఆమెకి తెలియదు. పెద్దగా, వికారంగా, నోరంతా తెరిచి ఏడ్చింది.

పాటలు ఆగిపోయాయి. పిల్లలు బెదిరిపోయి తల్లుల వెనక దాక్కున్నారు. పోయిన మనిషి కోసం పెద్దవాళ్లు అలా ఏడవడం వాళ్లు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఉగోయే బిడ్డని తల్లి చేతికిచ్చి, తలగుడ్డ విప్పేసి, మేనకోడలి పక్కన నేలమీద కూలబడింది. వదిన గుణాలు ఒక్కొక్కటే తలుచుకుంటూ రాగం అందుకుంది. మాటలు తెలియని ఆడపడుచులు ఆ రాగం కొస పట్టుకుని వంతపాడారు.

పలక మళ్లీ వెలిగింది. ఈసారి దాని గొంతులో ఎక్కడలేని జాలి. “తీవ్రమైన బాధ గుర్తించాం. సరే అంటే చాలు, గొంతును ఈ క్షణమే తిరిగి ఇస్తాం.”

ఉజోఅమక తల ఎత్తింది. జుట్టు రేగిపోయి, మొహమంతా తడిసిపోయి ఉంది.

“నోర్ముయ్! మా అమ్మ చచ్చిపోయింది. నన్ను ఏడవనివ్వు.”

అవతలి వీధివాళ్లకి కూడా వినబడేలా ఆ మాటే మళ్లీ అంది.