అన్ని మెషీన్లకూ ఒకే తలుపు

ఆ ఉదయం మబ్బులు ఊరి మీద ఆగలేదు. చూలు గేదెల్లా నల్లగా, బరువుగా, ఒకదాని వెనక ఒకటి ఎగువకే పోతున్నాయి. ఇక్కడ చుక్క పడలేదు. అంటే నీళ్లన్నీ ఆనకట్ట వెనక పడుతున్నాయన్నమాట.

బస్టాండ్ ఎదురుగా తాళాలు బాగుచేసేవాడు గొడుగు కింద కూర్చున్నాడు. ఒకాయన వచ్చి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మూడు తాళాలకి ఒకటే చెవి కావాలి."

"చేస్తాను గానీ, నాలుగో తాళం తెచ్చి తిట్టకూడదు."

కోడ్ కలిసింది.

"గొళ్లెం, జాగ్రత్తగా విను" అన్నాడు తాళాలవాడు తలెత్తకుండా. డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెంట్‌కి మిగిలిన పేరు అదొక్కటే. నోరు తెరవడని పెట్టారు. "విదేశీ ముఠా. ఆటో స్పేర్ పార్ట్స్ షాపు పైన సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు పెట్టారు. టార్గెట్ ఆనకట్ట. గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేస్తారు. కింద ఊరు మిగలదు."

గొళ్లెం ఒక అరిగిపోయిన చెవిని చేతిలోకి తీసుకుని చూశాడు. "ఆ ఊళ్లో మా అక్క ఉంది సార్."

"తెలుసు. తరలించలేం. ఒక్క ఇల్లు ఖాళీ చేస్తే ఊరంతా ఎందుకని అడుగుతుంది. ఫోన్ కూడా వద్దు."

"ఇన్నేళ్లూ చేశానా, ఇప్పుడు చెయ్యడానికి?"

తాళాలవాడు ఆకురాయి ఆపి ఒక్క క్షణం అతన్ని చూశాడు. మళ్లీ చెవిని అరగదీయసాగాడు.

"ఆనకట్ట కంట్రోల్ రూమ్‌లో ఏ రకం కంప్యూటర్ ఉందో ముఠాకి తెలీదు. పాతవి తీసేసి కొత్తవి పెడుతున్నారని వాళ్లు విన్నారు. అందుకే ఏ మెషీన్ మీదైనా నడిచే ప్రోగ్రామ్ కావాలంటున్నారు. సీ లాంగ్వేజ్ తెలిసినవాడి కోసం వెతుకుతున్నారు. ఆ వెతికేది నీ కోసమే."

"ఏ రకం ఉందో మనకి తెలుసా?"

"పాతదే ఉంది."

"ఆనకట్టకి పోయే నెట్ లైన్ కోసేస్తే పోలేదా?"

"ఆనకట్ట ఆఫీసులో వాళ్ల మనిషి ఉన్నాడు. ఎవరో ఇంకా తేలలేదు. అక్కడ చీమ కదిలినా వీళ్లకి తెలుస్తుంది. అప్పుడు ముఠా పెద్దాయన రాడు. ఇంకో ఊరు, ఇంకో ఆనకట్ట చూసుకుంటాడు. ఆయన వచ్చి కుర్చీలో కూర్చోవాలి, తన చేత్తో బటన్ నొక్కాలి, గేటు కదలకూడదు. అప్పుడే మేం పైకి వస్తాం. నీ చెప్పు మడమలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. గట్టిగా తొక్కు." అని చెవి చేతిలో పెట్టాడు. "ఇంకోటి. అక్కడ టెస్టింగ్ చూసే మేడమ్ ఒకావిడ ఉంది. రెండు వైపులా జీతం తీసుకుంటుంది. మనసు ఏ వైపో మాకే తెలీదు."

గొళ్లెం గడ్డం పెంచాడు, లావు కళ్లద్దాలు పెట్టాడు, ఉద్యోగంలో చేరాడు.

ఫైల్ తెరవడమంటే ఒకరి ఇంటి తలుపు తట్టడం లాంటిది. ఒక్కో రకం కంప్యూటర్‌కి ఒక్కో మర్యాద. ఒకదానిలో ఫైల్ తెరిచే ఫంక్షన్‌ని ఓపెన్ అని పిలిస్తే చాలు. ఇంకొకదానిలో ముందు అండర్‌స్కోర్ తగిలించాలి. ఫైల్ పేరు చివర స్లాష్ ఉంటే ఒకటి తిట్టి పంపిస్తుంది, ఇంకొకటి చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఫోల్డర్‌ని తెరవమంటే ఒకటి సరేనంటుంది, మరొకటి అనుమతి లేదంటుంది. ఈ తేడాలన్నీ కడుపులో దాచుకుని, బయటికి ఒక్కలాగే మాట్లాడే ఫంక్షన్ రాయాలి. గొళ్లెం శ్రద్ధగా రాశాడు. ఇన్నేళ్లుగా తను చేస్తున్నదీ అదే. ఏ ఊరు పంపితే ఆ ఊరి మనిషిలా ఉండటం, లోపల ఏముందో బయటికి పొక్కనివ్వకపోవడం.

ఒక్కచోట మాత్రం ఒక మాట రాయలేదు.

పాతరకం మెషీన్‌లో ఫైల్ తెరిచేటప్పుడు ఇది బైనరీ, అంటే వట్టి అంకెల దొంతర, అని చెప్పాలి. చెప్పకపోతే దాన్ని మామూలు రాత అనుకుంటుంది. రాతకి అక్కడో పాత కట్టుబాటు ఉంది. చదువుతూ చదువుతూ ఇరవయ్యారు అనే అంకె తగిలితే, రాత అక్కడితో అయిపోయిందని మూసేస్తుంది. మిగతా మెషీన్లకి ఈ పట్టింపు లేదు. ఆనకట్ట గేట్ల మోటార్లకి ఏ ఆజ్ఞ పంపినా ముందుగా పంపవలసింది ఇరవయ్యారే. అది వాటిని నిద్రలేపే అంకె. పెద్దాయన తెచ్చే ఫైల్‌లో మొట్టమొదట ఉండేదీ అదే. ఇక్కడ బటన్ నొక్కగానే ప్రోగ్రామూ ఫైలూ కలిసి ఆనకట్టలోని మెషీన్‌కి పోతాయి. పాత మెషీన్ ఆ ఫైల్‌ని తెరుస్తుంది, మొదటి అంకె చూస్తుంది, అయిపోయిందని మూసేస్తుంది.

తప్పు పట్టుకున్నా, మరిచిపోయాడనే అనుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా మరిచిపోయేదే.

మధ్యాహ్నం అందరూ కింద హోటల్‌కి పోయేవాళ్లు. గొళ్లెం కిటికీ దగ్గర నిలబడి డబ్బా విప్పేవాడు. ఎదుటి మేడ మీద ఎవరిదో చీర ఆరుతూ ఉండేది. గాలికి అది ఎగిరినప్పుడల్లా అటు చూసి మళ్లీ తల దించుకునేవాడు.

నాలుగో రోజు వెనకనుంచి సెంటు వాసన వచ్చింది. మేడమ్. సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు. హై హీల్స్ చప్పుడు కావలసినప్పుడే అవుతుంది, అక్కర్లేనప్పుడు కాదు.

"మీ ఫంక్షన్ చదివానండీ. కథలా ఉంది."

"థాంక్సండీ."

"బైనరీ అని ఎక్కడా రాయలేదేంటి?"

అతని చేతిలో ముద్ద ఆగింది. "అక్కర్లేదండీ, చాలా మెషీన్లలో."

"చాలావాటి సంగతి నేనడగలేదు."

గొళ్లెం నమలడం మొదలుపెట్టాడు. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు.

"మరిచిపోయారా?" అంది.

"మరిచిపోయానండీ."

"అలాగా." అద్దాలు తీసి తుడుచుకుంది. కళ్ల కింద నిద్రలేని నలుపు. "ఇంత జాగ్రత్తగల మనిషి మరిచిపోయాడంటే ఏదో దిగులుండాలి" అని వెళ్లిపోయింది.

తాళాలవాడికి ఈ సంగతి చెబితే ఆపరేషన్ ఆపేస్తాడు. ఆ ఒక్క మాట దిద్దేస్తే ఊరు పోతుంది. దిద్దకపోతే ఆవిడ చెప్పేయొచ్చు, అప్పుడు తను పోతాడు. గొళ్లెం కుర్చీలో కూర్చుని మెరిసే కర్సర్‌ని చాలాసేపు చూశాడు. దిద్దలేదు.

పెద్దాయన ఏసీ రిపేరు మెకానిక్ వేషంలో వచ్చాడు. టూల్ బ్యాగులోంచి ఫైల్ ఉన్న పెన్ డ్రైవ్ తీశాడు, దాని పక్కన పిస్టల్ పెట్టాడు. ఇనప తలుపుకి లోపలినుంచి తాళం వేయించాడు. గోడ మీది తెరలో ఆనకట్ట కనిపిస్తోంది. నీళ్లు గేట్ల అంచుదాకా ఉన్నాయి.

"టెస్టింగ్?" అన్నాడు.

"ఒక లోపం ఉంది" అంది మేడమ్.

గొళ్లెం బరువు మడమ మీదికి జరిగింది.

"ఏంటది?"

"ఎర్రర్ మెసేజ్‌లలో స్పెల్లింగులు బాగాలేవు."

"గేట్లకి చదువు రాదులే" అని పెద్దాయన బటన్ నొక్కాడు.

ఫైల్ తెరుచుకుంది. ఫైల్ మూసుకుంది. అంతా సవ్యం అని తెర మీద పడింది. గేట్లు కదల్లేదు.

గొళ్లెం మడమ గట్టిగా తొక్కాడు. కిందనుంచి అడుగుల చప్పుడేమీ ఇంకా రాలేదు.

పెద్దాయన కోప్పడలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. కళ్లు చిట్లించి కోడ్ పైనుంచి కిందికి చదివాడు. చదివి నవ్వాడు.

"బైనరీ పెట్టలేదు. ఒకప్పుడు నేనూ ఇదే తప్పు చేసి మూడు రోజులు బుర్ర గోక్కున్నాను. ఎక్కడ చదివావోయ్ నువ్వు?" పిస్టల్ గొళ్లెం పక్కటెముకలకి ఆనింది. "నువ్వు కీబోర్డు ముట్టకు. మేడమ్, మీరు పెట్టండి. ఒక్క మాటే కదా."

ఆవిడ కూర్చుంది. ఆ ఒక్క మాట పెట్టింది, తప్పులేకుండా. గొళ్లెం కళ్లు మూసుకున్నాడు. అక్క మొహం గుర్తుచేసుకుందామంటే గొంతు మాత్రమే వచ్చింది, మొహం రాలేదు.

కళ్లు తెరిచేసరికి తెర మీద ఫైళ్ల పేర్లు వరసగా పోతున్నాయి. పదులు, వందలు. ఒక్క ఫైల్ దిద్దితే ఆ ఒక్కదాన్నే కంపైల్ చేసి మెషీన్ భాషలోకి మారిస్తే చాలు, రెప్పపాటు పని. ఆవిడ ఇదివరకు తయారైన బిల్డ్ మొత్తం చెరిపేసి అన్ని ఫైళ్లనీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"ఇంతసేపేంటి?" అన్నాడు పెద్దాయన.

"క్లీన్ బిల్డ్ సార్. ఇంత పెద్ద పనికి పాత చెత్త మిగలకూడదు కదా. నా పద్ధతి ఇంతే."

గొళ్లెం ఆవిడ వైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది.

తొంభై శాతం. తలుపు బయట ఏదో గీరుకున్న చప్పుడు. తాళాలవాడి వేషమైతే కుదిరింది గానీ తాళాలు తీయడం ఆయనకింకా వంటబట్టలేదు. తొంభై ఆరు. చెవి ఒకటి విరిగింది, బయట తిట్టు వినపడింది. పెద్దాయన తల తలుపు వైపు తిరిగింది. తొంభై తొమ్మిది. పిస్టల్ పక్కటెముకలని వదలగానే గొళ్లెం కుర్చీతో సహా అతని మీద పడ్డాడు. పేలిన గుండు ఏసీకి తగిలింది. తలుపు తెరుచుకుంది. బిల్డ్ పూర్తయింది. పంపాలా అని ప్రోగ్రామ్ అడిగింది. మేడమ్ వద్దని నొక్కింది.

వాంగ్మూలాల మీద సంతకాలయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆనకట్ట ఆఫీసులో మనిషి పేరు పెద్దాయన ఫోన్‌లోనే దొరికింది.

"అక్కకి ఫోన్ చెయ్యొచ్చా సార్?" అన్నాడు గొళ్లెం.

"కేసు నడిచినన్నాళ్లూ కుదరదయ్యా." తాళాలవాడు గొంతు తగ్గించాడు. "మా కుర్రాడు చూసొచ్చాడు. వాకిట్లో బట్టలు ఆరేసుకుంటోందట. కాస్త వంగి నడుస్తోందన్నాడు."

గొళ్లెం తలూపాడు.

వెనక గదిలో చిన్న బల్ల. ఎవరో రెండు ప్లేట్ల భోజనం తెచ్చి పెట్టి వెళ్లారు. మేడమ్ హై హీల్స్ విప్పి పక్కన పెట్టింది. గొళ్లెం లావు కళ్లద్దాలు తీసి జేబులో వేసుకున్నాడు. ఆవిడ ఉప్పు ఇటు జరిపింది. అతను నీళ్ల గ్లాసు అటు జరిపాడు. బయట వాన మొదలైంది. ప్లేట్లు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు. పేర్లయినా అడగలేదు. అడిగినా ఇద్దరూ అబద్ధమే చెప్పుకోవాలి, తిండి దగ్గర అదెందుకని.