పన్నెండు కోర్లకు ఒక టేబుల్ ఫ్యాను

"మనిషికి లేని గాలి ఆ డబ్బాకెందుకే?" నానమ్మ అడుగుతూనే ఉంది.

"డబ్బా కాదు మామ్మగారూ, కంప్యూటరు," అంది వదిన.

"మూత ఊడదీసి, పేగులు బయటపెట్టి, పక్కన నా ఫ్యాను నిలబెట్టారు. దాన్ని కంప్యూటరంటారా, ఆపరేషనంటారా?"

ఇంట్లో ఉన్నది ఒకటే టేబుల్ ఫ్యాను. అది నానమ్మ మంచం పక్కనుంచి మనవరాలు చిట్టి పనిచేసుకునే బల్ల మీదకి కాపురం మార్చి కొద్దిరోజులైంది. గొడవ ముదిరేలా ఉందని కనిపెట్టి అన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అతని సంసార సూత్రం అదొక్కటే. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అది ఆయన సూత్రం.

"ఈ పూటకి సర్దుకోండత్తయ్యా, సాయంత్రానికి దాని పనైపోతుంది," అంది అమ్మ వంటింట్లోంచి.

చిట్టి పని, కట్టబోయే భవనాల్ని కట్టకముందే సినిమాగా చేసి చూపించడం. ఒక బిల్డరుకి ఆ సాయంత్రం అయిదింటికల్లా సినిమా పంపాలి. ఒక్కో బొమ్మనీ గీసేది ప్రాసెసరు. పన్నెండు కోర్లది, అంటే ఒకే బుర్రలో పన్నెండు మెదళ్ళున్నట్టు, ఘనమైనది. దాన్ని కూర్చోబెట్టిన మదర్‌బోర్డు మాత్రం షాపులో అన్నిటికన్నా కింది అరలోంచి వచ్చింది. ఎంచినది నాన్న. మంచిది కొందామని చిట్టి ఎంత చెప్పినా, "అన్నీ బోర్డులేనే," అని తేల్చేశాడు.

"ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడావు," అంది నానమ్మ పేపరు వైపు చూసి. "చెబితే ఒప్పుకుంటావా? ఈ ఇంట్లో మగాడు తప్పు ఒప్పుకున్నరోజు వాన కురుస్తుంది."

పేపరు పేజీ తిరిగింది.

ప్రాసెసరుకి తయారుచేసినవాళ్ళు పెట్టిన వేగం చాలదని, అంతకన్నా ఎక్కువ వేగంతో పరిగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. కుర్రాళ్ళు దీన్ని వీడియోలు చూసి నేర్చుకుంటారు. కొందరు వీడియో సగంలో ఉండగానే నేర్చేసుకుంటారు. వదిన తమ్ముడు ఈ రెండో రకం. ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ సెలవురోజుల్లో అక్కగారింటికి వస్తున్నాడు. నోరు తెరిస్తే గిగాహెర్ట్జుల లెక్కలే చెబుతాడని చిట్టి అతనికి గిగా అని పేరు పెట్టింది. అతను దాన్ని పొగడ్త అనుకున్నాడు.

అతన్ని చిట్టికి చేసుకుంటే బాగుంటుందని వదినకి కోరిక. జవాబు కోసం ఆ రాత్రి వదిన వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. ఈలోగా చిట్టి ఏదో ఒకటి తేల్చాలి. చిట్టి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. "వద్దు" అనడానికి పెద్ద మాటలేం అక్కర్లేదు కదా.

పదింటికి గిగా వచ్చాడు.

"ఎలా ఉంది మన గుర్రం?"

"గుర్రం బాగానే ఉంది. రౌతు మీదే అనుమానం," అంది చిట్టి.

అతను వంగి తెరమీది అంకె చూశాడు. "డెబ్భై డిగ్రీలు. ఇంత వేగంలోనూ ఎంత చల్లగా ఉందో చూడండి. మామూలుగా వదిలేస్తే నాలుగున్నర అయ్యేది. నా సెట్టింగ్స్‌తో రెండింటికల్లా పూర్తి."

"అంత చల్లగా ఉంటే నానమ్మ ఫ్యానెందుకు?"

"అది... అదనపు జాగ్రత్త."

"మొన్న మధ్యలో ఆగిపోయినందుకా?"

"అది కరెంటు తేడా అయ్యుంటుంది."

"మీకు తెలీనిదంటూ ఏదైనా ఉందా?"

"ఆలోచించాలి," అన్నాడు నవ్వుతూ.

"పోనీలెండి, ఆలోచించాలనైనా తెలుసు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. చెవులు అంత తేలిగ్గా ఎర్రబడే మనిషికి ఇన్ని గొప్పలెందుకో అనుకుంది చిట్టి. అలా అనుకుంటూ అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపు ఆ చెవులవైపే చూసి, తనమీద తనకే చిరాకేసి, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయింది. గిగా హాల్లో కూర్చుని, ఎనిమిదో కోరు గొప్పతనం గురించి నాన్నకి చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న తల ఊపాడు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఊపుతూనే ఉన్నాడు.

తన సొమ్ము తాను తీసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదని నానమ్మ సిద్ధాంతం. గదిలో ఎవరూ లేకపోవడం చూసి ప్లగ్గు పీకి, ఫ్యానుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తడిజుట్టుతో చిట్టి వచ్చేసరికి కంప్యూటరు ఇంకా బొమ్మలు గీస్తూనే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడే తెర నల్లబడింది. డబ్బాలో చప్పుడంతా ఒక్కసారి ఆగింది.

"ఆగిపోయింది!"

అందరూ పరిగెత్తుకొచ్చారు. బల్లమీద ఫ్యాను లేదు. పక్క గదిలో తిరుగుతోంది.

"నీ గాలి కోసం పిల్ల పని పాడుచేశావా అమ్మా?" నాన్న పేపరు పక్కన పెట్టి మరీ అరిచాడు.

"నేను చెబుతూనే ఉన్నాను, మా తమ్ముడు చేసినదాంట్లో లోపం లేదని. ఫ్యాను తీస్తే ఎలా ఆడుతుంది?" అంది వదిన.

"కాస్త చెప్పి తీయాల్సింది అత్తయ్యా," అంది అమ్మ.

ఎప్పుడూ ఒకటికి నాలుగనే నానమ్మ, గుమ్మంలో నిలబడి చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది.

చిట్టి ఆమెని చూసి, గిగా వైపు తిరిగింది. ఇతని నేరం తనంతట తానే పోయి నానమ్మ తలమీద కూర్చుంది. ఇక ఇతను పాలు దొరికిన పిల్లిలా కళ్ళు మూసుకుంటాడు. చూద్దాం ఈ వేడుక కూడా, అనుకుంది.

అతను డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రాసెసరు పక్కనున్న నల్లటి చిన్న బిళ్ళల వరస మీద వేలు పెట్టి, చటుక్కున వేలు వెనక్కి లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

"కాలిందా?" అంది చిట్టి.

"కాలింది." లేచి నిలబడ్డాడు. చెవులు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. "మామ్మగారిది కాదు మావయ్యగారూ, తప్పు నాది."

"అదేమిట్రా?" అంది వదిన.

"నువ్వుండక్కా. ప్రాసెసరు వేడి ఒక్కటే చూసుకుంటూ కూర్చున్నాను. దానికి కరెంటు అందించేవి ఇవి. వీటి వేడి ఈ బోర్డు చూపించదు. వీటిమీద వేడి లాగే పలక కూడా లేదు. నేను వేగం పెంచిన కొద్దీ ఇవి ఉడికిపోయాయి. మొన్న ఆగిపోయిందీ అందుకే అయ్యుంటుంది. నాకు అర్థంకాలేదు, కరెంటు మీదకి తోసి ఫ్యాను పెట్టేశాను. తెలీదని చెప్పడానికి నామోషీ వేసింది. క్షమించండి మామ్మగారూ."

నానమ్మ కిటికీలోంచి పైకి చూసింది.

"మబ్బు లేదే?" అంది నెమ్మదిగా. వెంటనే తనే సమాధానం చెప్పుకుంది. "అవునులే, ఈ ఇంటి మగాడు కాడుగా."

నాన్న పేపరు వెతుక్కున్నాడు.

బిళ్ళలు చల్లారాక గిగా వేగాన్ని మామూలుకి తెచ్చాడు. సినిమాని ఒక్కో బొమ్మగా విడివిడిగా దాచుకునే అలవాటు చిట్టిది. సగానికి పైగా బొమ్మలు భద్రంగా ఉన్నాయి. మిగతావి ఫ్యాను లేకుండానే, నత్తలా కదిలాయి. నత్త దారిలో ఆగిపోదు, అది దాని సుగుణం.

ఇద్దరూ తెరని చూస్తూ కూర్చున్నారు.

"ఇంకా కోపమేనా?" అన్నాడు.

"కోపం ఎప్పుడుంది? చులకన. కోపమైతే తగ్గుతుంది."

"చులకన తగ్గదా?"

"ఇవాళ పొద్దున దాకా తగ్గుతుందనుకోలేదు." అతని వేలు చూసింది. చివర ఎర్రగా కమిలి ఉంది. "మా నానమ్మ మీదకి నెట్టేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు."

"మీకు తెలిసేది."

"నాకేం తెలుసు? మీలాగా సర్వజ్ఞురాలినా?"

"మీరు అప్పుడు నన్నే చూస్తున్నారుగా, దొంగపిల్లిని చూసినట్టు."

చిట్టికి నవ్వొచ్చింది. దాచుకుందామనుకుంది గాని, నల్లటి తెర అంచులో కనపడిపోయింది. అతను మళ్ళీ డిగ్రీలు చూడటంలో మునిగిపోయినట్టు నటించాడు. నటన కూడా సగమే నేర్చుకున్నట్టున్నాడు.

"గొప్పలు పూర్తిగా మానేస్తారా?" అంది.

"తగ్గిస్తాను. మానేస్తానంటే అదే ఇంకో గొప్ప అవుతుంది."

అయిదింటికి కాస్త ముందు సినిమా వెళ్ళింది. దీపాలు పెట్టేవేళకి బాగుందని బిల్డరు కబురు పంపాడు. అది విన్నాకే అన్న ఇంటికొచ్చి చెప్పులు విడిచాడు.

అందరూ భోజనాలకి కూర్చున్నాక వదిన ఫోన్ మోగింది. తెరమీద వాళ్ళమ్మ పేరు. వదిన ఎత్తకుండా, చిట్టిని అడగకుండా, కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. గిగా మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు, తాగడం మర్చిపోయాడు.

"ఫోనెత్తు వదినా," అంది చిట్టి అన్నం కలుపుకుంటూ. "నాకిష్టమేనని చెప్పు."

ఫోన్ ఇంకా మోగుతోంది.

"ఆ బోర్డు తీసేసి కొత్తది కొంటున్నాను నాన్నా. ఈసారి నేనే ఎంచుకుంటాను. ఫ్యాను ఇక నానమ్మ గది దాటి రాదు."

అన్నీ బోర్డులేనని అనబోయిన నాన్న, తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు.

నానమ్మ గిగాని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"అయితే ఇతనూ మనింటి మగాడేనన్నమాట," అంది. "ఎవరైనా లేచి, ఆరేసిన బట్టలు లోపల పడెయ్యండి."