ఆరో రీలు

డెల్మర్ స్టాకర్డ్ శవం ఆనీబెల్ పాయలో బోర్లా తేలుతోంది.

ఒంటి మీద ఎర్ర చొక్కా. చొక్కా నిండా పడవల కంపెనీల బొమ్మలు, ఎరల కంపెనీల బొమ్మలు. అలాంటి చొక్కా ఆ కౌంటీలో ఒక్కడికే ఉంది. అలబామా బాస్ చేపల పోటీల్లో మూడుసార్లు గెలిచినవాడికి.

అతని పడవ కూతవేటు దూరంలో నాచులో చిక్కుకుని ఉంది. మనిషి లేడన్న మాటే గానీ సామానంతా సవ్యంగానే ఉంది. ఐదు గాలపు రాడ్లు పక్కన పట్టీ కింద వరసగా ఉన్నాయి. ఆరోది ముందు చెక్క మీద ఉంది. దానికి కట్టిన రబ్బరు కప్ప ఎర గాలాన్ని రాడ్డు మొదట్లో ఉండే చిన్న రింగుకి తగిలించి ఉంది.

"జారి పడ్డాడు. మోటారుకి తల తగిలింది. మునిగాడు," అన్నాడు షెరిఫ్ గార్నర్. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. చిరాగ్గా ఉన్నాడు.

ఇన్వెస్టిగేటర్ జోనెల్ టాలీ ఒడ్డున గుమిగూడిన జనం వైపు చూసింది.

"ఆ పాయకి ఇంకా ఆకలి తీరలేదే," అంటోంది ఒక ముసలావిడ పక్కావిడతో. "అప్పుడు నెల్డా. ఇప్పుడు వీడు."

నెల్డా కెల్సో. రెండేళ్ల కిందట ఇదే పాయలో చనిపోయింది. ఏప్రిల్ పొగమంచులో చిన్న అల్యూమినియం పడవ వేసుకుని ఒక్కతే చేపలకి వచ్చింది. వేగంగా వచ్చిన పడవ ఏదో గుద్దేసి పోయింది. ఎవరిదో తెలియలేదు. ఆ ఫైలు ఇంకా జోనెల్ బీరువాలోనే ఉంది.

సాయంత్రానికి పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చింది.

ఊపిరితిత్తుల నిండా నీళ్లు. తలకి దెబ్బ లేదు. మెడ వెనక రెండు వైపులా వేళ్ల గుర్తులు ఉన్నాయి.

ఎవరో పట్టుకుని ముంచారు.

* * *

"డార్విన్ పెక్," అన్నాడు షెరిఫ్. "లోపలెయ్. కేసు అయిపోయింది."

పెక్‌కి ఇరవై ఆరేళ్లు. డెల్మర్‌తో కలిసి పోటీలకి వెళ్లేవాడు. కిందటి నెల తూకం దగ్గర డెల్మర్ అందరి ముందూ అతని చేప నోరు తెరిచి, కడుపులోంచి సీసపు గుళ్లు బయటికి తీశాడు. బరువు కోసం కుక్కిన గుళ్లు. పెక్‌ని పోటీల నుంచి జీవితాంతం వెలేశారు. ఆ రోజే పెక్ డెల్మర్ కాలర్ పట్టుకుని, "నిన్ను ఈ నీళ్లలోనే పాతేస్తా" అన్నాడు. ఊరంతా విన్నది.

"అన్నావా?" అడిగింది జోనెల్.

"అన్నా."

"నిన్న పొద్దున్న ఎక్కడున్నావ్?"

"ట్రక్కులో పడుకున్నా."

"ఎవరైనా చూశారా?"

"నా మొహం ఎవరు చూస్తారు మేడమ్ ఇప్పుడు? చర్చిలో కూడా పక్కన కూర్చోట్లేదు."

"గుళ్లు నువ్వే కుక్కావా?"

పెక్ తల దించుకున్నాడు. "కుక్కా. అది నిజమే. దొంగనే. కానీ దొంగతనం వేరు, ఇది వేరు."

జోనెల్ అతని చేతులు చూసింది. బలమైన చేతులు. మెడ పట్టుకోవడానికి సరిపోతాయి.

అరెస్టు చెయ్యలేదు. ఎందుకంటే ఆమె మనసులో ఒక ముల్లు గుచ్చుకుని ఉంది.

ముందురోజు మధ్యాహ్నం ఎవిడెన్స్ గదిలో డెల్మర్ రాడ్లన్నీ బల్ల మీద పరిచి చూసింది. ఆమె తండ్రి బాస్ చేపల పిచ్చివాడు. చిన్నప్పుడు ఆదివారాలన్నీ పడవలోనే గడిచాయి. అందుకే ఒక్కో రాడ్డుకీ దారం చుట్టి ఉండే రీలుని చేత్తో పట్టి చూసింది. మొదటిదాని హ్యాండిల్ తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది. దారం పట్టి లాగితే వేలు కోసుకుంది గానీ దారం కదల్లేదు. రెండోది అంతే. మూడు, నాలుగు, ఐదు, అన్నీ అంతే.

ఆరో రీలు దారం లాగింది.

వెన్నలా జారుతూ వచ్చింది.

* * *

రొవీనా స్టాకర్డ్ ఇంట్లో వంటగది బల్ల మీద ఖాళీ లేదు. చావు ఇంటికి చర్చివాళ్లు తెచ్చిన చికెన్, బీన్స్, పీచ్ పళ్ల కేకు. ఒక్క గిన్నె మూతా తీయలేదు.

"మీ ఆయనకి శత్రువులున్నారా?"

"గెలిచేవాడికి ఎవరుండరు?"

"ఆయన సామాను చూశాను. అంత పేరున్న మనిషి రీళ్లు అలా ఉన్నాయేంటి?"

రొవీనా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆయనకి చేపని పట్టడమే తెలుసు. పట్టిన సామాను తుడవడం తెలీదు. ఉప్పునీళ్లలోంచి వచ్చినా అలాగే గరాజ్‌లో పడేస్తాడు. తడి ఎరలు తడి పెట్టెలోనే. గాలాలన్నీ తుప్పు. చలికాలం రాగానే అన్నీ హోయ్ట్ దుకాణానికి పంపితే ఆయన విప్పి, కడిగి, నూనె వేసి తెచ్చేవాడు. ముప్ఫై ఏళ్లుగా అంతే. ఈ ఏడు వాటిని అక్కడికి చేర్చడానికి కూడా ఈయన బద్ధకించాడు."

"హోయ్ట్ కెల్సో? నెల్డా భర్త?"

"ఆయనే. పాపం. నెల్డా కోసం వెతికిన పడవలన్నిటినీ నడిపించింది మా ఆయనే, తెలుసుగా? మూడు రోజులు తిండి లేదు, నిద్ర లేదు."

ఆ మాట చెబుతూ ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

* * *

హోయ్ట్ కెల్సో దుకాణం నీటి ఒడ్డునే ఉంది. వాకిట్లో ఉడికించిన వేరుశనగల కుండ. లోపల గోడల నిండా రాడ్లు, అద్దాల కింద ఎరలు. బల్ల దగ్గర కూర్చుని ఆయన ఒక రీలు విప్పి, పళ్ల చక్రాలని టూత్‌బ్రష్‌తో కడుగుతున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. మనిషి సన్నంగా ఉన్నా చేతులు పట్టుకారుల్లా ఉంటాయి.

"రా జోనీ. కూర్చో తల్లీ. మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"మోకాళ్లు పట్టేశాయి మిస్టర్ హోయ్ట్. పడవ ఎక్కలేకపోతున్నాడు."

"నూనె తక్కువైతే మనిషికైనా రీలుకైనా ఒకటే రోగం. ఎక్కువ పోసినా అంతే. ఒక్క చుక్క చాలు." సూది మొన అంత చుక్క వేశాడు. "డెల్మర్ గురించి వచ్చావ్."

"అవును. చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పోయిన వారం. రెండేళ్లుగా టార్పాలిన్ కప్పి ఉంచిన పాత పడవ తీసుకొచ్చి నా వాకిట్లో పెట్టాడు. అమ్మాలట. కాస్త బాగుచెయ్యమన్నాడు."

బయట మొక్కజొన్న చేను పక్కన ఆ పడవ ఉంది. టార్పాలిన్ తీసేసి ఉంది. వెనక మోటారుకి ప్రొపెల్లర్ లేదు. అది కింద పాత న్యూస్‌పేపర్ మీద ఉంది.

"నిన్న పొద్దున్న?"

"ఇక్కడే."

"ఒక్కరే?"

"రెండేళ్లుగా ఒక్కణ్ణే కదమ్మా."

జోనెల్ అల్మారా వైపు తిరిగింది. అల్మారాలో బాగుచేసిన రీళ్లు వరసగా ఉన్నాయి. ఊరికే ఒకదాని దారం పట్టి లాగింది. జారుతూ వచ్చింది. పక్కదాన్ని లాగింది. అదీ అంతే. వదిలేసి బయటికి నడిచింది.

కారు దగ్గర చాలాసేపు నిలబడింది. తాళం చేతిలోనే ఉంది. ఎక్కబుద్ధి కాలేదు. తను అనుకుంటున్నది తప్పైతే బాగుండనిపించింది.

* * *

మర్నాడు మూడు గంటలకి డెల్మర్ గరాజ్‌లో అందరూ కూడారు. షెరిఫ్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. రొవీనా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పెక్ జేబుల్లో చేతులు పెట్టుకుని మూల నిలబడ్డాడు. హోయ్ట్ చేతిలో టోపీ పట్టుకుని ఉన్నాడు.

బల్ల మీద ఆరు రీళ్లు.

"టాలీ, నాటకాలొద్దు. నాకు నాలుగింటికి మీటింగుంది," అన్నాడు షెరిఫ్.

"పది నిమిషాలు సార్." జోనెల్ ఒక రాడ్డు తీసి పెక్‌కి ఇచ్చింది. "నాచులో నాలుగు కిలోల బాస్ ఉందనుకో. రబ్బరు కప్పతో పట్టాలి. రీలు సిద్ధం చెయ్."

పెక్ అనుమానంగా చూశాడు. రీలు పక్కన నక్షత్రంలా ఉన్న చిన్న చక్రాన్ని బిగించాడు. "డ్రాగ్ బిగించాలి, దారం ఊరికే జారకుండా. వదులుంటే గాలం దిగదు. చేప నాచులో దూరి పోతుంది."

"సరే. పెట్టెయ్."

పెక్ రాడ్డు బల్ల మీద పెట్టి వెనక్కి తగ్గాడు.

"మిస్టర్ హోయ్ట్, మీరు."

హోయ్ట్ రాడ్డు తీసుకున్నాడు. చక్రం బిగించాడు. దారం లాగి చూశాడు. ఇంకాస్త బిగించాడు. "ఇంత ఉండాలి," అన్నాడు.

"థాంక్స్. పెట్టేయండి."

హోయ్ట్ రాడ్డు బల్ల మీద పెట్టాడు. పెడుతుండగానే బొటనవేలు చక్రం మీదికి వెళ్లింది. వెనక్కి తిప్పింది. టిక్. టిక్. టిక్. చక్రం పూర్తిగా వదులయ్యాక గానీ చెయ్యి తీయలేదు.

జోనెల్ ఆ చక్రం వైపు చూపించింది.

"ఇప్పుడేం చేశారు మిస్టర్ హోయ్ట్?"

"ఏం చేశాను?"

"డ్రాగ్ వదులు చేశారు."

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు.

జోనెల్ షెరిఫ్ వైపు తిరిగింది. "రీలు లోపల మెత్తటి బిళ్లలుంటాయి సార్. బిగించి వదిలేస్తే అణిగిపోయి పాడవుతాయి. అందుకని సామాను మీద ప్రాణం ఉన్నవాడు పక్కన పెట్టేముందు వదులు చేస్తాడు. డెల్మర్‌కి ఆ అలవాటు లేదు. ఐదు రీళ్లూ బిగించే ఉన్నాయి. ఆరోది మాత్రం పూర్తిగా వదులు. చేప పడుతున్న మనిషి డ్రాగ్ వదిలెయ్యడు. పడితే చేప పోతుంది. అంటే ఆ రీలుని చివరిసారి ముట్టుకున్నది డెల్మర్ కాదు."

"పెక్..." అన్నాడు షెరిఫ్.

"పెక్ బిగించినది బిగించినట్టే పెట్టేశాడు. మీరే చూశారు."

షెరిఫ్ తలుపు దగ్గర్నుంచి కదిలాడు. హోయ్ట్ టోపీ బల్ల మీద పెట్టాడు.

"డెల్మర్ పాత పడవ ప్రొపెల్లర్ వెనక ఏం దొరికింది మిస్టర్ హోయ్ట్?" జోనెల్ గొంతు తగ్గింది. "ఆ పడవ రెండేళ్లుగా టార్పాలిన్ కింద ఎందుకుందో నాకు ముందే అనుమానం రావాల్సింది."

హోయ్ట్ చొక్కా జేబులోంచి మడిచిన చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో పసుపు దారం ఉండ. ఉండ మధ్యలో బఠాణీ అంత సీసపు గుండు, దానికి చుట్టిన వెంట్రుకలు, ఊదారంగు దారంతో కట్టిన ముడి.

"ఉడుత తోక వెంట్రుకలు," అన్నాడు. "తన ఎరలు నెల్డాయే కట్టుకునేది. ఊదా దారం ఇంకెవరూ వాడరు. ఇరుసుకి చుట్టుకుని ఉంది. చాకు పెట్టి కోసి తియ్యాల్సొచ్చింది."

"డెల్మర్‌ని పిలిచారా?"

"ఆనీబెల్ పాయకి రమ్మన్నా. చేపలు లేస్తున్నాయని చెప్పా. నా పడవలో వెళ్లి, వాడి పడవ ఎక్కి, ఇది చూపించా. ఏడుస్తాడనుకున్నా." ఆయన దారం ఉండని వేలితో తడిమాడు. "'ఆ నెల్లో నేషనల్స్ పోటీలున్నాయి హోయ్ట్, ఆగితే నా బతుకు ఆగిపోయేది' అన్నాడు. గుద్దాక కూడా నెల్డా ఇంకా బతికే ఉందట. అరుపు వినపడిందట. తిరిగి చూడకుండా వెళ్లాడట. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, నా భుజం పట్టుకుని, పద వెతుకుదాం అన్నాడు. నాతో కలిసి మూడు రోజులు వెతికాడమ్మా."

"తోశారా?"

"తోశా. పైకొచ్చాడు. మెడ పట్టుకున్నా. ఆగేదాకా వదల్లేదు."

"తర్వాత?"

"వాడి రాడ్డు అలా పడుంది. దారం నాచులో ఉంది. చుట్టేశా."

"ఎందుకు?"

"అలా వదిలేస్తే బాతుల కాళ్లకి చుట్టుకుంటుంది." బల్ల మీది రాడ్డు వంక చూశాడు. "డ్రాగ్ సంగతి గుర్తులేదు. నిజంగా గుర్తులేదు."

కుర్చీ కిర్రుమంది. రొవీనా లేచి నిలబడింది.

"నెల్డా పోయిన రోజు పదకొండింటికి ఇంటికొచ్చాడు," అంది. ఎవరి వైపూ చూడలేదు. "రాగానే పడవ కడిగాడు. జీవితంలో ఒక్కసారి కూడా పడవ కడగని మనిషి. నీళ్ల పైపు నేనే అందించాను హోయ్ట్. ముందు భాగం సొట్టపోయింది. ఏంటని అడగలేదు. మధ్యాహ్నం నెల్డా సంగతి తెలిసింది. అప్పుడూ అడగలేదు."

హోయ్ట్ ఆమె వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లుగా థాంక్స్‌గివింగ్ విందు ఆమె బల్ల దగ్గరే తిన్నాడు.

"నెల్డాకి ఈత బాగా వచ్చు, రొవీనా," అన్నాడు. "వెంటనే ఎవరైనా వెళ్లుంటే..."

రొవీనా చేతులతో మొహం కప్పుకుంది. మూల నిలబడ్డ పెక్ గబగబా వెళ్లి ఆమెకి కుర్చీ జరిపాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

షెరిఫ్ బేడీలు తీశాడు. జోనెల్ అడ్డంగా తల ఊపింది. ఆయన వాటిని మళ్లీ నడుముకి తగిలించుకున్నాడు. నాలుగింటి మీటింగు మాట ఎత్తలేదు.

కారు దాకా హోయ్ట్ తనే నడిచాడు. వెనక సీట్లో కూర్చున్నాక జోనెల్ చెయ్యి చాచింది. ఆయన చేతిరుమాలు ఇచ్చేశాడు. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తేదీ రాసి, అంటించింది.

"కేసయ్యాక తిరిగిస్తారా అమ్మా?"

"ఇస్తారు. మీరు లోపలుంటే... దగ్గరి బంధువులకి."

హోయ్ట్‌కి పిల్లలు లేరు. అన్నదమ్ములు పోయారు.

"అయితే నీ దగ్గరే ఉంచు," అన్నాడు.

జోనెల్ కారు స్టార్ట్ చేసింది.