టీచరమ్మ వెనక నలుగురు

వంటవాడు కొలిన్ మబట్ నిప్పుల్లోంచి రొట్టె బయటికి లాగుతుండగా తూటా అతని మెడలోంచి దూసుకుపోయింది.

శబ్దం రాలేదు. తుపాకీకి సైలెన్సర్ ఉంది. యాభై గజాల దూరంలో ముళ్ళపొద నీడన కూర్చుని అరికాలి బొబ్బల్ని సూదితో పొడుచుకుంటున్న ముసలావిడ తల కూడా ఎత్తలేదు. మబట్ బోర్లా పడ్డాడు. రొట్టె మీద, ఇసుక మీద, పిండిడబ్బా మీద నెత్తురు చిమ్మింది. ఆఖరి ఊపిరిలో అతని వేలు ఆ డబ్బా అడుగున దాచిన మీటను వెతికి మూడుసార్లు నొక్కింది.

అయిదు వందల మైళ్ళ అవతల, ఆస్ట్రేలియా దక్షిణ తీరాన, అడిలైడ్‌లో టైప్‌రైటర్లు బాగుచేసే కొట్టు మూడో అంతస్తులో, ఎర్రదీపం మూడుసార్లు వెలిగింది. ఆ కోడ్‌కి ఒకటే అర్థం. శత్రువు మన జట్టులోనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున గూఢచారి విభాగం చీఫ్ మిస్ డ్రెన్నన్ తన ఏజెంటుని కూర్చోమనలేదు.

"డారెల్, నీకు వంట వచ్చా?"

"తినడం వచ్చు, చీఫ్."

"చాలు. ఎడారిలో ఎవరూ రుచి అడగరు. మబట్ పోయాడు. పాము కరిచిందని బయటికి చెప్పాం. వాడి చోటికి నువ్వు వెళ్తున్నావు."

ఆమె ఒక ఫోటో తోసింది. ఎండకి తోలులా మారిన ముఖం, గడ్డిటోపీ, చేతికర్ర.

"ఎడ్నా ట్రెగెంజా. యాభై ఎనిమిదేళ్ళు. మూంటా ఊళ్ళో సైన్స్ టీచరు. మూడేళ్ళ క్రితం ఈమె కొడుకు లెస్లీ నడుపుతున్న లారీ ఎడారిలో చెడిపోయింది. అరవై మైళ్ళు నడిచి కోల్మన్ బోరుకి చేరాడు. నీళ్ళు తోడే గాలిమర విరిగి ఉంది, చుక్క నీళ్ళు లేవు. అక్కడే చచ్చిపోయాడు. పదకొండు రోజులు ఎవరూ వెతకలేదు. ఇప్పుడీమె మరీ ఊరి నుంచి ఆ బోరుదాకా నాలుగు వందల మైళ్ళు కాలినడకన వెళ్తోంది, కొడుకు పోయిన నవంబరులోనే."

"నాకెందుకు చెప్తున్నారు?"

"ఆ బోరు రాకెట్లు పరీక్షించే కూరాబీ రేంజ్ లోపల ఉంది కనక. ఇరవై మూడున వదలాల్సిన రాకెట్ వాయిదా పడింది, అందుకే ఆమెకి అనుమతి దొరికింది. రహస్యాలు దొంగిలించే ఆల్బట్రాస్ ముఠా ఆమె వెంట ఏదో లోపలికి చేరుస్తోంది. ఏమిటో తెలీదు. ఆవిడ బతికి ఆ బోరు చేరాలి. అది నీ పని."

"సాయం?"

"పైవాళ్ళ మనిషి ఒకరు అక్కడే ఉన్నారు. ఎవరో నాకూ చెప్పలేదు. 'మూంటాలో వాన పడిందా' అంటారు. 'పడిందన్నారు, నమ్మలేదు' అనాలి నువ్వు."

డిపార్ట్‌మెంట్ డారెల్ సాదిక్‌కి టియర్ గ్యాస్ పెన్ను కూడా ఇచ్చింది. నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో మొదటి రోజే అది జేబులో పేలి, అరగంటసేపు అతన్నే ఏడిపించింది. ఆఫీసుల్లో కూర్చుని ఆయుధాలు కనిపెట్టేవాళ్ళని ఒక్క మధ్యాహ్నం ఇక్కడ నడిపించాలి.

అతను చేరేసరికి నడక మొదలై పద్నాలుగు రోజులైంది. మరీలో బయల్దేరినప్పుడు టీచరమ్మ వెనక నలభై కార్లు, ఒక బ్యాండు, ఇద్దరు పాదిరీలు ఉన్నారట. వంద మైళ్ళకల్లా ఈగలే వాళ్ళందర్నీ ఇంటికి పంపేశాయి. ఇప్పుడు మిగిలింది ఇద్దరు. అయిదు ఒంటెల్ని తోలే సైరస్ డన్, లాండ్‌రోవర్‌లో వెంట వస్తున్న పత్రిక ఫోటోగ్రాఫర్ వివియన్ రోచ్. డన్ మాటకి ముందు ఉమ్మేసే రకం. వివియన్ ఆ దుమ్ములో కూడా లిప్‌స్టిక్ చెదరనివ్వని అందగత్తె. ఆమె నవ్వితే ఒంటెలు కూడా తిరిగి చూసేవంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే, కానీ బాగా ఎక్కువ కాదు.

టీచరమ్మ పాదాలు డారెల్ దగ్గర్నించి చూశాడు. కాలిగోళ్ళు ఆరు ఊడిపోయాయి. రోజుకి రెండుసార్లు మేజోళ్ళు విప్పితే చర్మం వాటితోపాటే వచ్చేది. పెదాలు పగిలి, మాట్లాడితే నెత్తురు కారేది. పొద్దున్నే లేచి, ఎర్రరాళ్ళ మీద మొదటి పది అడుగులు పళ్ళు బిగించి వేసేది. తర్వాత ఏమీ జరగనట్టే పద్దెనిమిది మైళ్ళు నడిచేది.

"బండెక్కండి టీచరమ్మా, ఒక్క మైలు," అన్నాడు డారెల్.

"మా వాడికి బండి దొరికిందా నాయనా?"

డారెల్ ఆమె నీళ్ళసీసా నింపి ఇచ్చాడు.

డన్‌కి మాత్రం నోరు మూతపడేది కాదు. "ఏం గురూ, దీన్ని టీ అంటారా? ఒంటెకి పోస్తే నా మీద కేసు పెడుతుంది."

"ఒంటెకి రుచి తెలుసు. నీకు తెలీదనే కదా నీకు పోశాను."

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, డారెల్ దారి పక్కన టీ కాస్తుండగా, ఎర్రటి సుడిగాలి ఒకటి దారికి అడ్డంగా లేచింది. వరసలో ఆఖరున ఉన్న డచెస్ అనే ఆడ ఒంటె బెదిరి వెనక్కి గుంజింది. ముక్కు ఫట్టున చీలింది. నెత్తురు ధారగా కారుతుంటే అది నేలమీద పడి, పసిపిల్లలా అరిచింది.

డారెల్ పరిగెత్తాడు. తాడు కట్టడానికి ముక్కుకి గుచ్చిన పుల్ల మాంసాన్ని చీల్చుకుని ఊడొచ్చింది. తోలుతాడు మాత్రం చెక్కుచెదరలేదు. అతను దాని ముడిని పరీక్షగా చూశాడు.

ముందు ఒంటె జీనుకీ వెనక ఒంటె ముక్కుతాడుకీ మధ్య జానెడు పురికొస కట్టడం ఒంటెలవాళ్ళ మొదటి పాఠం. జంతువు బెదిరి లాగితే పురికొస తెగాలి, ముక్కు కాదు. పేషావర్ నుంచి వచ్చి మరీలో ఒంటెలు తోలిన డారెల్ తాత, మనవడికి అక్షరాలకంటే ముందు ఆ ముడి నేర్పాడు. ఇక్కడ పురికొస లేదు. తోలునే గట్టిగా బిగించి కట్టారు, ఓడని రేవుకి కట్టే ముడితో.

"ఎక్కడ నేర్చుకున్నావు ఈ పని?" అన్నాడు డారెల్.

"మరీలో. ముప్ఫై ఏళ్ళు."

"మా తాత మరీలోనే పోయాడు. నీ ముడి చూస్తే మళ్ళీ పోయేవాడు. ఏ నౌకాదళం నీది, డన్?"

డన్ ఉమ్మలేదు. కత్తి తీశాడు.

మొదటి వేటు డారెల్ ముంజేతిని ఎముకదాకా కోసింది. డారెల్ పొయ్యి దగ్గరికి వెనక్కి దూకి, మరుగుతున్న టీ డబ్బా అందుకుని వాడి ముఖాన కొట్టాడు. చర్మం ఉబ్బి లేచింది. గుడ్డివాడిలా ఊపుతున్న కత్తి కిందనుంచి దూరి, ఇనుప వంటకుండతో మోకాలి చిప్ప మీద బాదాడు. చిప్ప పగిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇద్దరూ కాలుతున్న రాళ్ళ మీద దొర్లారు. డన్ బొటనవేళ్ళు అతని గొంతులో దిగాయి. డారెల్ వాడి చెవి కొరికి, తలని రాతికేసి రెండుసార్లు కొట్టాడు. పట్టు వదిలింది.

"మబట్‌ని చంపింది నువ్వేగా? రేంజ్‌లోకి ఏం తీసుకెళ్తున్నారు?"

"నేనొక్కణ్ణే కాదు..." డన్ నోట్లోంచి నెత్తుటి బుడగలు వచ్చాయి. "అడుగు... ఆ..."

తుపాకీ పేలింది. డన్ నుదుట చిల్లు పడింది. పదడుగుల దూరంలో వివియన్ చిన్న పిస్తోలు దించింది.

"వాడి చేతిలో ఇంకో కత్తి ఉంది," అంది. నిజంగానే ఉంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "మూంటాలో వాన పడిందా?"

డారెల్ ఆయాసపడుతూ ఆమెని చూశాడు. "పడిందన్నారు. నమ్మలేదు."

"నన్ను నమ్ము, డార్లింగ్," అని తన పట్టు స్కార్ఫుతో అతని చెయ్యి కట్టింది.

టీచరమ్మ కుంటుకుంటూ వచ్చింది. శవాన్ని, డారెల్‌ని, పిస్తోలుని చూసింది. అన్నీ విన్నాక ఒక్క మాటే అంది. "పార తెండి. హంతకుడైనా సరే, మనిషిని ఎండలో వదిలి వెళ్ళకూడదు."

గొయ్యిలో సగం ఆమే తవ్వింది.

నవంబరు ఇరవై మూడు. బోరుకి ఇంక నాలుగు మైళ్ళు. టీచరమ్మ ఆగలేక, బరువులెత్తే లోపే ముందుగా బయల్దేరింది. ఒంటెల పని ఇప్పుడు డారెల్‌దే. డన్ పోయాక నాలుగు రోజులూ గాయపడ్డ చేతితో సరుకు మోయలేక నీళ్ళ డబ్బాలు లాండ్‌రోవర్‌లో వేశారు. ఎత్తడం దించడం అంతా వివియనే చేసింది. ఆ పొద్దున మాత్రం ఆమే వాటిని డచెస్ పక్కన పెట్టి, బండి దిబ్బ వెనక వదిలి, ఆఖరి మైళ్ళు తనూ నడుస్తానంది. డారెల్‌కి ముచ్చటేసింది.

నీళ్ళ డబ్బాలు రెండు. ఎడమవైపుది నిండుగా ఉంది, ఇక మిగిలిన నీళ్ళన్నీ అవే. కుడివైపుది ఎప్పుడో ఖాళీ అయింది. జీనుకి రెండువైపులా బరువు సరిపోవాలి, లేకపోతే ఒంటె వీపు పుండవుతుంది. అందుకని ఖాళీ డబ్బాలో రాళ్ళు వేద్దామని ఎత్తబోయాడు. అది లేవలేదు. రెంటి బరువూ ఒకటే.

మూత తిప్పాడు. లోపల ఉక్కుపెట్టె. పైన గాలి చిల్లులు, వాటి వెనక కొట్టుకుంటున్న పచ్చదీపం.

"మూత వదిలెయ్, డార్లింగ్."

వివియన్ మెడలో వేలాడుతున్న కెమెరా లెన్సు అతని గుండెవైపే చూస్తోంది. డారెల్ పక్కకి దూకాడు. కెమెరాలో దాచిన తుపాకీ పేలింది. తూటా తొడలోంచి దూసుకుపోయి అతన్ని నేలకూల్చింది.

"వాయిదా నిన్న రద్దయింది," అంది వివియన్ గడియారం చూసుకుంటూ. "మీ పైవాళ్ళలోనే మావాళ్ళున్నారు; నాకు ఆ వాన మాట చెప్పిందీ, ఈ కబురు మీ చీఫ్‌కి చేరకుండా చూసిందీ వాళ్ళే. సరిగ్గా పదీ పావుకి రాకెట్ లేస్తుంది, ఈ పెట్టె పిలిస్తే ఇటే వస్తుంది. దానికి దారి చూపే యంత్రాన్ని ఏరుకుపోవడానికి దిబ్బల అవతల మా లారీ ఉంది. పిచ్చి ముసలమ్మ, ఆమె వంటవాడు రేంజ్‌లో దారితప్పి చచ్చారని పేపర్లో వస్తుంది. ఫోటోలు నావే."

"డన్ నీవాడేగా. ఎందుకు చంపావు?"

"నోరు ఎక్కువ. నువ్వూ అంతే."

రెండో తూటాకి ఆమె వేలు బిగుసుకుంటుండగా చేతికర్ర గాల్లో తిరిగి ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. కెమెరా పట్టీ తెగి ఎగిరిపడింది.

పేలుడు విని టీచరమ్మ వెనక్కొచ్చింది. ఆ పాదాలతో పరిగెత్తి వచ్చింది.

వివియన్ అరుస్తూ కర్ర లాక్కుని ముసలావిడ నెత్తిన కొట్టింది. పడిపోయాక, బొబ్బల పాదం మీద బూటు మడమతో తొక్కింది. టీచరమ్మ కేక డారెల్ ఎముకల్లోకి దిగింది. అతను ఒళ్ళు మరిచిపోయాడు. మోచేతుల మీద పాకి కెమెరా అందుకున్నాడు, నొక్కాడు. వివియన్ గొంతు చిట్లిపోయింది. ఆశ్చర్యంగా అతనివైపు ఒక అడుగు వేసి, డచెస్ కాళ్ళ దగ్గర కూలింది.

అప్పుడే ఉత్తరాన ఆకాశం మీద తెల్లగీత లేచింది.

డారెల్ ఉక్కుపెట్టెని రాతితో బాదాడు. సొట్ట కూడా పడలేదు. తెల్లగీత వంగింది, వాళ్ళవైపే.

"నీళ్ళు," అంది టీచరమ్మ, కళ్ళలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ. "చిల్లుల్లో పొయ్యి. కరెంటుతో నడిచేదేదైనా ఉప్పునీళ్ళు పడితే చస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఇదే చెప్పాను పిల్లలకి."

"ఇవే ఆఖరి నీళ్ళు, టీచరమ్మా. నెత్తురు ఓడుతున్న నాకు, మీకు, ఒంటెలకి..."

"పొయ్యమంటే పొయ్యి!"

ఆమె ఉప్పుసంచి చింపి నీళ్ళ డబ్బాలో గుమ్మరించింది. ఇద్దరూ కలిసి ఎత్తి వంచారు. నీళ్ళు చిల్లుల్లోకి గుటగుటా దిగాయి. దీపం వెలుగుతూనే ఉంది. ఆకాశం ఉరిమింది. ఒంటెలు తాళ్ళు తెంపుకుని చెదిరిపోయాయి. పెట్టెలో చిటపటమంది, పొగ లేచింది, పచ్చదీపం ఆరిపోయింది.

రాకెట్ వాళ్ళ నెత్తిమీదుగా చెవులు చిల్లులుపడేలా దూసుకెళ్ళి దక్షిణాన దిబ్బల అవతల పేలింది. నేల కదిలింది. నల్లటి పొగలో ఒక లారీ చక్రం ఎగిరి, తీరిగ్గా కిందికి దిగడం డారెల్ చూశాడు.

దిబ్బ వెనక వదిలిన లాండ్‌రోవర్ కూడా ఆ పేలుడులో పోవడంతో, వివియన్‌ని ఇసుకలో కప్పాక, నాలుగు మైళ్ళు వెళ్ళడానికి అయిదు గంటలు పట్టింది. దొరికిన ఒక్క ఒంటె మీద డారెల్ వాలిపోయి ఉన్నాడు. టీచరమ్మ పట్టీలు చుట్టిన తలతో, రక్తం ఓడే పాదాలతో ముందు నడిచింది. మాట్లాడటానికి ఇద్దరి నోళ్ళలోనూ తడి లేదు. రెండుసార్లు పడిపోయింది. రెండుసార్లూ డారెల్ దిగబోతే చెయ్యెత్తి వద్దంది.

బాగుచేసిన గాలిమర తిరుగుతోంది. తొట్టినిండా నీళ్ళు. ఆమె ముందు ఒంటెకి, తర్వాత డారెల్‌కి తాగించి, చివర తను తాగింది. అప్పుడు గాలిమర ఇనుప స్తంభం మొదట్లో, కొడుకు దొరికిన చోట, కూర్చుంది. చాలాసేపు ఇసుకని చేత్తో నిమిరింది.

"ఈ దారిలో నా వెనక ఎంతమంది వచ్చారు నాయనా? వంటవాళ్ళు ఇద్దరు, హంతకులు ఇద్దరు. నన్ను చంపడానికైనా నాలుగు వందల మైళ్ళు వచ్చారు." ఆమె ఇసుకని గుప్పిట బిగించింది. "నా లెస్లీ వెనక ఒక్కడు, ఒక్క హంతకుడైనా వచ్చి ఉంటే, నీళ్ళ డబ్బా తోడొచ్చేది కదా!"

డారెల్‌కి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమె పక్కన కూర్చుని ఆ గరుకు చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రానికి రేంజ్ వాళ్ళ జీపు వచ్చింది. దాని రేడియోలో మిస్ డ్రెన్నన్ గొంతు గరగరలాడింది.

"శభాష్, డారెల్. మిషన్ పూర్తయింది. రేపటికల్లా అడిలైడ్ వచ్చెయ్. కొత్త పని ఉంది."

"కుదరదు, చీఫ్. వంటవాడి ఉద్యోగం ఇంకా మిగిలుంది."

"ఎందుకు?"

డారెల్ తొట్టివైపు చూశాడు. జీపు డ్రైవరుతో పోట్లాడుతూ టీచరమ్మ బూట్లు మళ్ళీ తొడుక్కుంటోంది.

"తిరిగి ఊరికి కూడా నడిచే వస్తానంటోంది."