కారు కింద ఆదివారం

ముందు కాళ్లు కనిపించాయి.

మిగతా మనిషంతా కారు కింద ఉన్నాడు.

రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ఎర్రది. పైకప్పు లేనిది. పదకొండేళ్లుగా ఆ గ్యారేజ్ గడప దాటలేదు. సెలవు దొరికినప్పుడల్లా దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, ఎప్పటికైనా రోడ్డెక్కిస్తానని పంతం పట్టిన లెక్చరర్ ఇప్పుడు దాని కిందే ఉన్నాడు. ప్రాణం లేదు.

ఆదివారం సాయంత్రం ఐదున్నర.

ఇన్‌స్పెక్టర్ పక్కవాటుగా లోపలికి దూరింది. నేరుగా నడిచే చోటు లేదు. కారుకీ గోడకీ మధ్య ఊపిరి బిగబట్టి జరగాలి. ఆదివారం భోజనం దండిగా చేసొచ్చిన కానిస్టేబుల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"యాక్సిడెంటా?" అడిగిందామె.

"నేనూ అలాగే అనుకున్నా మేడం," అన్నాడు ఎస్సై. "జాకీ జారిందేమో అని. ఇది జారే రకం కాదు. కాడ తగిలించి ఎడమకి తిప్పితేనే దిగుతుంది. ఆ కాడ చూడండి."

గోడ నిండా పనిముట్లు. ప్రతిదాని వెనకా దాని ఆకారంలో నల్లరంగు గీత. జాకీ కాడ తన గీతలో తను బుద్ధిగా వేలాడుతోంది.

"పోయిన మనిషి లేచొచ్చి, కాడని మేకుకి తగిలించి, మళ్లీ వెళ్లి పడుకోడు కదా మేడం."

"పడుకోడు. అంటే ఎవరో దించారు. దించి, అలవాటుగా సర్దేశారు."

"ఎక్కడి వస్తువు అక్కడ పెట్టేది ఆడవాళ్లే కదా."

ఆమె అతని వైపు చూసింది. ఎస్సై చూపు జాకీ మీదికి తిప్పుకున్నాడు.

"వీధివైపు షట్టర్?"

"కిందికి లాగితే దానంతటదే లాక్ పడుతుంది. బయటినుంచి తీయాలంటే తాళం చెవి కావాలి. ఉన్నది ఒక్కటే. అది ఈయన జేబులో ఉంది. ఇక మిగిలింది వంటింట్లోంచి వచ్చే తలుపు."

"ఇంట్లో ఎవరున్నారు?"

"భార్య ఒక్కతే. వంట చేస్తోందట. మేడ మీద ఉండే తమ్ముడు మధ్యాహ్నమంతా వీధి చివర క్యారమ్స్ ఆడాడు. నలుగురు సాక్షులున్నారు. నాలుగింటిదాకా ఇక్కడ ఓ స్నేహితుడు ఉన్నాడు. పానా బాబాయ్ అంటారు. ఆయన వెళ్లేటప్పటికి ఈయన బతికే ఉన్నాడు."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

"ఊఁ," అంది ఇన్‌స్పెక్టర్.

*

తమ్ముణ్ణి ముందు పిలిచారు. మనిషి బాగా బెదిరిపోయి ఉన్నాడు.

"మీ వదినకీ అన్నయ్యకీ గొడవలా?"

"గొడవలేం లేవు మేడం. కారుతోనే గొడవ. 'ఆ కారో నేనో తేలిపోవాలి' అంటుండేది వదిన."

"ఎప్పుడంది?"

"మొన్న."

"నీకు ఆ కారుతో ఇబ్బంది లేదా?"

"నాకేం ఇబ్బంది? ఎప్పుడైనా గ్యారేజ్ ఖాళీ అయితే చిన్న జిమ్ పెట్టుకుందామని..." మధ్యలో ఆగిపోయాడు. అన్న కాళ్లు గుర్తొచ్చాయి కాబోలు, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

తర్వాత పానా బాబాయ్. అరవై దాటిన సన్నటి మనిషి. గోళ్లలో గ్రీజు. కళ్లలో నీళ్లు.

"ఎన్నింటికొచ్చారు?"

"రెండింటికి. ప్రతి ఆదివారం వచ్చినట్టే."

"ఏం పని చేశారు?"

"గేర్‌బాక్స్ ఎక్కించాం. నేను కిందనుంచి ఎత్తి పట్టుకున్నా, వాడు బోల్టులు బిగించాడు. మూడున్నరకి అయింది. ఫ్లాస్కులో టీ ఉంటే తాగాం. బోల్టులు ఇంకోసారి చూస్తానని వాడు మళ్లీ కిందికి దూరాడు. నాలుగింటికి నేను షట్టర్ లాగి వెళ్లిపోయా."

"జాకీ కాడ అప్పుడెక్కడుంది?"

"జాకీకే ఉంది."

"ఖచ్చితంగా?"

"నా కళ్లతో చూశా." కళ్లు తుడుచుకున్నాడు. "మేడం, ఒక్క మాట. మా చెల్లెమ్మని ఏమీ అనకండి. అమాయకురాలు. కోపంలో ఏం చేస్తోందో తనకే తెలీదు."

విన్నవాళ్లకి వకాల్తా పుచ్చుకున్నట్టే ఉంది. ఉరితాడు పేనినట్టూ ఉంది.

*

లెక్చరర్ భార్యని మేడ మెట్ల పక్క గదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలో లేడీ కానిస్టేబుల్. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. గదిలో కుట్టుమిషన్, కుర్చీ, ఆవిడ. నాలుగో వస్తువుకి చోటు లేదు. ఇన్‌స్పెక్టర్ నిలబడే అడిగింది.

"మధ్యాహ్నం ఎక్కడున్నారమ్మా?"

"ఇక్కడే. రెండింటికి ఫ్లాస్కూ గ్లాసులూ గ్యారేజ్‌లో పెట్టి వచ్చి మిషన్ ముందు కూర్చున్నా. ఇది తిరుగుతుంటే పిడుగు పడ్డా వినబడదు."

"మరెందుకు లేచారు?"

"ఐదింటికి ఓవెన్ వాసనొచ్చింది. వెళ్లి కట్టేశాను. ఆయన్ని తిడదామని గ్యారేజ్‌లోకి వెళ్లాను." ఆవిడ ఆగింది. "తిట్టలేదు. నోరు తెరిచానంతే."

"'ఆ కారో నేనో' అన్నారట."

"అన్నాను. వారానికోసారి అంటూనే ఉన్నాను. ఏ భార్య అనదు చెప్పండి?"

"ఇన్నేళ్లయినా పూర్తి కాలేదేం?"

"ప్రతి ఏడూ అయిపోవచ్చిందంటారు. సరిగ్గా ఆ వారమే ఏదో ఒకటి కనబడదు. ఓ క్లిప్పో, ఓ వాషరో. లేదంటే కొత్తగా వేసిన సీలే కారుతుంది. మళ్లీ విప్పడం, మళ్లీ మొదలు. ఈసారి మాత్రం ఒట్టేసి చెప్పారు, వచ్చే ఆదివారం నిన్ను ఎక్కించుకుని తిప్పుతానని."

మిషన్ సూది కింద సగం కుట్టిన పసుపుపచ్చ గుడ్డ ఉంది.

"ఇదేంటి?"

"తలకి కట్టుకునే స్కార్ఫు. కారుకి పైకప్పు లేదుగా. జుట్టు ఎగురుతుందని..." ఆవిడ గుడ్డ వైపు చూడకుండా గోడ వైపు చూసింది. "నన్ను తీసుకెళ్లిపోతారా?"

 

ఇన్‌స్పెక్టర్ బయటికి రాగానే ఎస్సై గొంతు తగ్గించి అన్నాడు. "యాక్టింగ్ మేడం. బాబాయ్ వెళ్లేటప్పటికి మనిషి బతికున్నాడు. షట్టర్ లాక్ పడింది. ఇంట్లో ఈవిడ ఒక్కతే. జీపు గుమ్మం దాకా తెప్పించమంటారా?"

"ఒక్క పది నిమిషాలు ఆగండి."

*

శవాన్ని వంటింటి తలుపులోంచి తరలించారు. కారుని పైకెత్తి నాలుగు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టారు. ఎస్సై అప్పటికే పనిముట్లనీ, జాకీనీ, గోడనీ, కారు కిందనీ ఫొటోలు తీయించాడు. కారు కింద అంతా నల్లగా, ఇనుముగా ఉంది. అందులో ఏది ఉండాలో, ఏది లేదో ఇద్దరికీ తెలీదు.

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరగబోయి స్టాండుని తన్నుకుంది. కాలి బొటనవేలు. కళ్లముందు చుక్కలు కనబడ్డాయి. కుంటుకుంటూ ఐస్ కోసం వంటింట్లోకి వెళ్లింది.

శుభ్రమైన వంటిల్లు. పొయ్యి చల్లగా ఉంది. కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. తరిగిన కూర ముక్క ఒక్కటి లేదు, కలిపిన పిండి లేదు. వంట చేస్తోందట అన్నాడు ఎస్సై. ఏం వంట?

ఓవెన్ ట్రేలు మూడూ బయట గోడకి ఆనించి ఉన్నాయి.

ఆమె ఫ్రీజర్ తెరిచింది. బఠానీల కవరు తీసింది. దాని పై అరలో ఇంకో కవరు. అందులో చేతి కంకణమంత ఇనుప రింగు. మధ్యలో బంతులు.

"ఇదేంటమ్మా?" అని కేకేసింది.

గదిలోంచి జవాబొచ్చింది. "బేరింగ్. ఆయనది. పై అర ఆయనకి, కింది అర బఠానీలకి. నేను అద్దెకున్నా. దాన్ని బయట పెట్టకండి, బాగా చల్లగా ఉండాలన్నారు."

ఇన్‌స్పెక్టర్ బఠానీల కవరు వేలికి అదిమి పట్టుకుని చాలాసేపు ఒంటికాలి మీద నిలబడింది.

ఓవెన్ తలుపు మీద తువ్వాలు వేలాడుతోంది. దాన్ని పక్కకి తప్పించింది. గాజులోంచి లోపలికి చూసింది. మళ్లీ తువ్వాలు యథాప్రకారం వేసేసింది. పక్కనున్న పెద్దగిన్నె మూత కూడా ఎత్తి చూసి, మళ్లీ పెట్టేసింది.

"ఎస్సైగారూ! ఈ గదిలో ఫొటోలు తీయించారా?"

"అది వంటిల్లు మేడం."

"అవును, గమనించాను. అందర్నీ గ్యారేజ్‌లోకి రమ్మనండి."

*

ఆరుగురు ఆ గ్యారేజ్‌లో గోడకి అంటుకుని నిలబడ్డారు. షట్టర్ మూసే ఉంది. గాలి లేదు. మధ్యలో ఎర్రకారు తళతళలాడుతూ, అందర్నీ మూలలకి నెట్టేసి, తనొక్కతే హాయిగా ఉంది.

"పానా బాబాయ్‌గారూ," అంది ఇన్‌స్పెక్టర్, "మాకెవరికీ కార్ల గురించి తెలీదు. ఇవాళ మీరెక్కించిన గేర్‌బాక్స్ ఎక్కడుందో కాస్త చూపిస్తారా?"

"కిందే మేడం. సీట్ల మధ్యకి సరిగ్గా కింద."

"చూపించండి. ఇదిగో టార్చి. స్టాండ్లు గట్టిగానే ఉన్నాయి, భయం లేదు."

ఆయన టార్చి తీసుకున్నాడు. నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. భుజాలతో నెట్టుకుంటూ లోపలికి జరిగాడు. కాళ్లు మాత్రం బయట మిగిలాయి.

టార్చి వెలుగు కారు కింద అటూ ఇటూ కదిలింది. తర్వాత ఒకచోట ఆగింది.

అక్కడే ఆగిపోయింది.

"కనబడిందా?" అడిగిందామె.

టార్చి వెలుగు ఇంకోసారి అంతా వెతికి, మళ్లీ అదే చోటికి వచ్చింది.

"ఎత్తి పట్టుకున్నది మీరేగా?"

బయట మిగిలిన మడమలు నేలకి అదుముకున్నాయి.

"బోల్టులు ఎన్ని బిగించారో నేను అడగను. గేర్‌బాక్స్ అక్కడ లేదు. ఇవాళ అసలు లేదు. దాని పళ్లచక్రాలు వంటింట్లో పెద్దగిన్నెలో, మూత కింద, కిరసనాయిల్లో నానుతున్నాయి. దాని పెట్టె ఓవెన్‌లో ఉంది. పట్టదని ట్రేలు తీసి బయట పెట్టారు. బేరింగ్ ఫ్రీజర్‌లో ఉంది. చల్లబడి బేరింగ్ ముడుచుకుంటుంది, వేడెక్కి పెట్టె సాగుతుంది. అప్పుడు చేత్తో తోస్తే లోపలికి వెళ్లి కూర్చుంటుంది. పెట్టె వేడెక్కేలోపు, గేర్‌బాక్స్ ఎక్కించే చోటు తుడుద్దామని లెక్చరర్ కారు కిందికి దూరారు. కాసేపే కదా అని స్టాండ్లు పెట్టలేదు."

ఎస్సై నోరు తెరిచాడు. "అయితే ఆవిడ వంట..."

"ఓవెన్ కట్టేశానంది. వంట మీరు కలిపారు."

లెక్చరర్ భార్య గోడకి ఆనుకుని మెల్లగా అంది. "గ్యారేజ్‌లో పెడితే సామాన్లు పోతున్నాయి, ఈసారి వంటింట్లో చేసుకుంటానన్నారు. అన్నయ్యగారికి చెప్పద్దన్నారు. ఆయన్ని ఆశ్చర్యపరచాలని కాబోలనుకున్నా."

కారు కిందనుంచి గొంతు వినబడింది. రేకుల మధ్య నలిగి, వేరే ఎవరిదోలా ఉంది.

"రెండింటికి రాలేదు మేడం. మూడున్నరకొచ్చా. మూలన ఉండే గేర్‌బాక్స్ లేదు. ఒక్కడే ఎక్కించేశాడనుకున్నా. అయిపోయిందనుకున్నా."

"తర్వాత?"

"వాడు కిందనుంచే మాట్లాడాడు. 'క్లిప్పులు ఎవరు తీస్తున్నారో నాకు తెలుసురా. వచ్చే వారంతో ఇది అయిపోతుంది. ఇంక నువ్వు శ్రమపడి రానక్కర్లేదు' అన్నాడు. కోపంగా కూడా అనలేదు."

"ఎందుకు తీశారు క్లిప్పులు?"

 కాళ్లు కదలలేదు.

"మా ఇంట్లో నాకు కుర్చీ లేదు మేడం. ముందుగది టీవీది. వెనకగది మా ఆవిడ పూసల వ్యాపారానిది. నేను ఎక్కడ నిలబడ్డా ఎవరో ఒకరికి అడ్డం. వారమంతా అలా తప్పుకుంటూ తిరిగితే ఆదివారం ఒక్కటి వస్తుంది. ఇది రోడ్డెక్కితే ఆదివారం నేనెక్కడికి పోను?"

"అందుకని కాడ తిప్పారు."

"తిప్పినట్టు తెలీలేదు. మేకుకి తగిలించాక తెలిసింది."

"ఆ తర్వాత మీ చెల్లెమ్మ అమాయకురాలని చెప్పడం మాత్రం తెలిసే చెప్పారు."

కారు కింద టార్చి ఆరిపోయింది.

ఆయన్ని బయటికి లాగడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. ఎదురు తిరిగి కాదు. రావడం ఇష్టం లేక.

*

షట్టర్ ఎత్తారు. ఆ మధ్యాహ్నం తర్వాత మొదటిసారి గ్యారేజ్‌లోకి గాలి వచ్చింది. జీపు గుమ్మం దాకా వచ్చింది, ఎక్కింది మాత్రం వేరే మనిషి. మరిది వదిన ముందు నిలబడి ఏదో అనబోయాడు. "తర్వాత," అందావిడ. అతను తలదించుకుని మేడెక్కాడు.

పనిబల్ల కింద నేలమీద ఒక టీ గ్లాసు ఉంది. అడుగున చీమలు. ఆవిడ వంగబోయింది.

"ముట్టుకోకండమ్మా, ఎవిడెన్స్," అన్నాడు ఎస్సై. ఈసారి కాస్త మర్యాదగానే.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ అన్నయ్యగారి గ్లాసు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది. తాగడం, బల్ల కిందికి తోసేయడం. పదకొండేళ్లు. ఒక్క ఆదివారమైనా తెచ్చి సింకులో పెట్టిన పాపాన పోలేదు." ఓవెన్ ఉన్నవైపు చూసింది. "ఇవాళ తెచ్చి ఉంటే ఆ ట్రేలు చూసేవాడే. గేర్‌బాక్స్ ఇంకా ఎక్కలేదని తెలిసేది. ఇంకో వారం ఉందనుకునేవాడు."

 ఇన్‌స్పెక్టర్ బొటనవేలు వాచి నీలమైంది.

కానిస్టేబుళ్లు ఓవెన్‌లోంచి పెట్టెని తీసి గోనెగుడ్డలో చుట్టారు. పళ్లచక్రాలు గిన్నెతో సహా వెళ్లాయి. ఆవిడ మూడు ట్రేలనూ ఒకటొకటిగా లోపల పెట్టింది. మూడోది సరిగా కూర్చోలేదు. కూర్చునేదాకా తోసింది.

ఎస్సై ఫ్రీజర్ పిడి మీద చెయ్యి వేశాడు. "బేరింగ్ కూడా..."

"అది..." అందావిడ. ఇంకేం అనాలో తోచనట్టు ఆగింది. "చల్లగా ఉండాలన్నారు."

ఇన్‌స్పెక్టర్ ఎస్సై చెయ్యి తీయించింది. కరిగిపోతున్న బఠానీల కవరు తీసుకెళ్లి కింది అరలో పెట్టి, ఫ్రీజర్ తలుపు మూసింది.

"పదండి," అంది. "ఫొటోల్లో లేనిదాని గురించి ఎవరూ అడగరు."